దేవుడు అంతటా ఉంటే యాత్ర ఎందుకు?

యెరూషలేము యాత్ర మాట ఎత్తగానే మన సంఘాల్లో ఒక పాత వాదన మళ్లీ లేస్తుంది. "అన్ని లక్షలు పోసి అక్కడిదాకా వెళ్లాలా పాస్టరు గారూ, ఇక్కడ మోకరిస్తే దేవుడు వినడా?" అని ఎవరో ఒక పెద్దాయన అడుగుతాడు. వెళ్లొచ్చినవాళ్లు "చూస్తేగానీ తెలీదులెండి" అని దాటేస్తారు. పాస్టరు గారు ఎవరినీ నొప్పించకుండా నాలుగు మాటలు చెప్పి ప్రార్థనతో ముగిస్తారు. ప్రశ్న ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. గుణదల తిరునాళ్లకు ఏటా వెళ్లే క్యాథలిక్ కుటుంబాల్లో ఇది పెద్దగా పుట్టదు. వాళ్లకు మొక్కుంది, అలవాటుంది, తాతల నాటి దారి ఉంది. వాక్యమే ఆధారమని పెరిగిన ప్రొటెస్టెంటు ఇళ్లలో తప్పకుండా పుడుతుంది.

పుట్టడం మంచిదే. అడిగేవాళ్ల చేతిలో గట్టి ఆధారమే ఉంది. యోహాను సువార్త నాలుగో అధ్యాయంలో సమరయ స్త్రీ యేసును సరిగ్గా ఈ సంగతే అడుగుతుంది. ఆరాధించాల్సింది మా గెరిజీము కొండ మీదా, మీ యెరూషలేములోనా అని. ఈ కొండా కాదు, యెరూషలేమూ కాదు, ఆత్మతోనూ సత్యంతోనూ ఆరాధించే కాలం వచ్చిందని ఆయన జవాబు. అంతటితో యాత్రల కథ ముగిసిపోవాలి. కానీ ముగియలేదు. ఆ మాట చెప్పిన బావి ఇప్పటికీ నాబ్లుస్ పట్టణంలో ఉంది. ఇక్కడే ఆరాధించాలనే నియమం లేదని యేసు చెప్పిన చోటు అదేనని, అది చూడ్డానికే జనం పోతున్నారు! ఇందులో వ్యంగ్యం ఉంది, నిజమే. అయితే ఆయన ఆ మాట చెప్పినప్పుడు తానూ ప్రయాణంలోనే ఉన్నాడు, నడిచి నడిచి అలసి ఆ బావి దగ్గర కూర్చున్నాడు. అదీ మరిచిపోకూడదు.

యాత్రలను శంకించినవాళ్లు మొదటి శతాబ్దాల్లోనే ఉన్నారు. నేటి టర్కీలో ఉన్న నిస్సా ఊరి బిషప్ గ్రెగరీ నాలుగో శతాబ్దం చివర యెరూషలేము వెళ్లొచ్చి, ఒక ఉత్తరంలో నిష్ఠూరంగానే రాశాడు. బేత్లెహేము చూడకముందూ యేసు దేవుడని నమ్మాను, చూశాకా నమ్ముతున్నాను, నా విశ్వాసం దానివల్ల పెరగలేదు, తగ్గనూ లేదు అన్నది ఆయన మాటల సారాంశం. యెరూషలేము అంత పవిత్రమైతే అక్కడ దొంగతనాలు, హత్యలు ఎందుకు జరుగుతున్నాయని కూడా అడిగాడు. బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్ మూడు దశాబ్దాలకు పైగా బేత్లెహేములోనే కాపురమున్నాడు. ఆయన కూడా ఒక మిత్రుడికి రాస్తూ, పరలోకం వాకిలి యెరూషలేము నుంచి ఎంత దగ్గరో బ్రిటన్ నుంచీ అంతే దగ్గర అని సర్దిచెప్పాడు. మార్టిన్ లూథర్ సంగతి సరేసరి. కుర్ర సన్యాసిగా రోమ్‌కు నడిచి వెళ్లి, తర్వాత 1520లో రోమ్ యాత్రలు మాన్పించాలని వాదించాడు. పుణ్యం సంపాదించే పనిగా యాత్ర మారిపోయిందన్నది ఆయన ఫిర్యాదు, అది సహేతుకం.

ఈ ముగ్గురూ ఒకే సంగతిని కాదంటున్నారు. చోటుకు శక్తి ఉంది, వెళ్తే అది అంటుకుంటుంది అన్న నమ్మకాన్ని. అక్కడిదాకా నేనూ వాళ్లతోనే ఉన్నాను. కానీ యాత్రలో చోటు ఒక్కటే ఉండదు. దారి ఉంటుంది, అలసట ఉంటుంది, పక్కన నడిచే మనిషి ఉంటాడు, చంకలో బైబిలు ఉంటుంది. విశ్వాసం లోతెక్కేది వీటి వల్ల. ఇంట్లో చదివితే తలలోనే ఆగిపోయిన వాక్యం దారిలో కాళ్లకూ కళ్లకూ అందుతుంది. ఈ సంగతి బైబిలుకు కొత్త కాదు.

పాత నిబంధనలో దేవుణ్ణి నమ్మడమంటే ముందు ఇల్లు కదలడమే. అబ్రాహాము హారాను వదిలాడు. ఇశ్రాయేలీయులు ఐగుప్తు వదిలారు. స్థిరపడ్డాక కూడా మగవాళ్లంతా ఏడాదికి మూడుసార్లు పండుగలకు కదిలిరావాలని ధర్మశాస్త్రం చెప్పింది. ఆ నడకలో పాడుకున్నవని చెప్పే పాటలే కీర్తనల గ్రంథంలో 120 నుంచి 134 దాకా ఉన్న పదిహేను. మన తెలుగు బైబిల్లో ప్రతిదాని మీదా యాత్రకీర్తన అని రాసి ఉంటుంది. వాటిని మనం కుర్చీలో కూర్చుని చదువుతాం. 121వ కీర్తనలో కొండల వైపు చూసి సాయం ఎక్కడినుంచి వస్తుందని అడిగేవాడు కవిత్వం కోసం అడగడం లేదు. ఎదురుగా నిజంగానే ఎక్కాల్సిన కొండలున్నాయి.

యెరికో సముద్రమట్టానికి దాదాపు 250 మీటర్లు దిగువన ఉంది. యెరూషలేము 750 మీటర్ల ఎత్తున ఉంది. మధ్య దారి ముప్పై కిలోమీటర్ల లోపే. అంటే గలిలయ నుంచి యొర్దాను లోయ వెంట వచ్చిన యాత్రికుడు చివరి అంచెలో వెయ్యి మీటర్లు ఎక్కాలి. తిరుపతి నుంచి తిరుమల ఎక్కే ఎత్తు కన్నా ఎక్కువ, నీడా నీళ్లూ అంతకన్నా చాలా తక్కువ. మంచి సమరయుడి కథలో బాటసారి దిగిపోతున్నది ఈ దారినే. ఒక్కసారి ఆ బోడి కొండల మధ్య వంపులు చూసినవాళ్లకు, ఆ దెబ్బలు తిన్న మనిషిని చూసి యాజకుడు ఎందుకు తప్పుకుపోయాడో వేరే చెప్పక్కర్లేదు. దొంగలు ఆ వంపులోనే ఇంకా ఉండొచ్చు. అతనిది కఠిన హృదయం అని ఆదివారం బడిలో నేర్చుకున్నాం. భయం కూడా అయ్యుండొచ్చని ఆ దారి చెబుతుంది. అప్పుడు కథ మన మీదికి వస్తుంది, ఎందుకంటే కఠినులం కాదని మనం నమ్ముకోగలం గానీ భయస్తులం కాదని అనుకోలేం.

పన్నెండేళ్ల యేసు పస్కాకు వెళ్లి తప్పిపోయిందీ ఈ యాత్రల్లోనే. తల్లిదండ్రులు ఒక రోజు ప్రయాణం దాకా గమనించలేదంటే, బంధువులూ ఊరివాళ్లూ గుంపుగా నడిచేవారని, పిల్లలు ఎవరి వెంటో ఒకరి వెంట వస్తారులే అని నిశ్చింతగా ఉండేవారని అర్థం. మన తిరునాళ్ల గుంపులు చూసినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. పునరుత్థానం రోజున ఎమ్మాయుకు పోతున్న ఇద్దరు శిష్యుల ప్రయాణమూ అలాంటిదే. ఆమడ దూరం నడక, దిగులు మాటలు, దారిలో కలిసిన అపరిచితుడు, లేఖనాల వివరణ, చివరకు రొట్టె విరవడం. గుర్తుపట్టింది రొట్టె దగ్గర, కానీ మనసు మండింది దారిలో. క్రైస్తవ యాత్ర ఎలా ఉండాలో తెలియాలంటే లూకా 24వ అధ్యాయం చాలు.

దీన్ని ఆచరణలో చూపించిన మనిషి ఒకావిడ ఉంది. పేరు ఎగేరియా. నాలుగో శతాబ్దంలో, 381 నుంచి 384 దాకా, పశ్చిమ ఐరోపా కొస నుంచి యెరూషలేము, సీనాయి, ఐగుప్తు, సిరియా తిరిగింది. ఊళ్లో ఉన్న తన తోటి సోదరీమణులకు చూసిందంతా ఉత్తరంగా రాసింది. ఆ రాత చాలా శతాబ్దాలు కనపడకుండా పోయి, 1884లో ఇటలీలోని అరెజ్జోలో బయటపడింది. మొదలూ చివరా చిరిగిపోయినా ఉన్నంతలో ఆవిడ గొంతు స్పష్టంగా వినపడుతుంది. అన్నీ అడుగుతుంది, అన్నీ చూడాలంటుంది, అలసిపోతే అలసిపోయానని చెబుతుంది. సీనాయి కొండ మెలికలు తిరిగి కాకుండా నిట్టనిలువుగా ఎక్కాల్సి వచ్చిందని, ప్రతి శిఖరం దగ్గరా మళ్లీ దిగి మళ్లీ ఎక్కాల్సి వచ్చిందని రాసింది.

మనకు కావలసింది ఆవిడ పద్ధతి. ఏ చోటికి వెళ్లినా ముందు ప్రార్థన. తర్వాత ఆ చోటికి సంబంధించిన వాక్యం గ్రంథం తెరిచి అక్కడే చదవడం. దానికి తగిన కీర్తన ఒకటి. మళ్లీ ప్రార్థన. అంతే. మోషే కొండ మీద మోషే భాగం, ఏలీయా గుహ దగ్గర ఏలీయా భాగం. పదహారు వందల ఏళ్ల తర్వాత కూడా ఇంతకన్నా మంచి యాత్రా విధానం నాకు కనపడలేదు.

యెరూషలేములో శ్రమవారం ఎలా జరిగేదో ఆవిడ రాసిన భాగం ఇంకా గొప్పది. మట్టల ఆదివారం సాయంత్రం జనమంతా ఒలీవల కొండ మీంచి కొమ్మలు పట్టుకుని పట్నంలోకి దిగుతారు. నడవలేని చంటిపిల్లలు తల్లిదండ్రుల భుజాల మీద ఉంటారు. మంచి శుక్రవారం ఉదయం సిలువ మాను అని నమ్మే కొయ్య ముక్కను వెండి పెట్టెలోంచి తీసి బల్ల మీద పెడతారు. బిషప్ కూర్చుని రెండు కొసలూ చేతులతో గట్టిగా పట్టుకుంటాడు. చుట్టూ డీకన్లు కాపలా. జనం ఒక్కొక్కరే వచ్చి వంగి, నొసలు ఆనించి, కళ్లకద్దుకుని, ముద్దుపెట్టుకుని వెళ్తారు. చేత్తో మాత్రం ఎవరూ తాకకూడదు. ఇంత కాపలా ఎందుకంటే, వెనకటికి ఎవరో భక్తుడు ముద్దుపెట్టుకునే వంకతో ఒక ముక్క కొరికి పట్టుకుపోయాడట! భక్తి, అత్యాశ పక్కపక్కనే నడుస్తాయని ఎగేరియాకు తెలుసు. దాచకుండా రాసింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా శ్రమల వాక్యాలు చదువుతుంటే చిన్నా పెద్దా ఏడవనివాళ్లు ఉండరంది. ఇంకో మాట కూడా చెప్పింది. బిషప్ గ్రీకులో బోధిస్తే, పక్కన ఒకరు నిలబడి సిరియా భాషలోకి మార్చేవారట, లాటిన్ మాత్రమే వచ్చినవాళ్లకు ఇంకెవరో వివరించేవారట. మన కన్వెన్షన్లలో ఇంగ్లీషు ప్రసంగం పక్కన నిలబడి తెలుగు చేసే తమ్ముడి పనికి ఇంత చరిత్ర ఉంది.

ఇప్పటి యాత్రకు వద్దాం. హైదరాబాదు, విజయవాడల నుంచి బయల్దేరే బృందాలు సాధారణంగా జోర్డాన్, ఇజ్రాయెల్, ఈజిప్టు మూడూ కలిపి ఎనిమిది పది రోజుల్లో చుట్టేస్తాయి. ప్రభుత్వం కూడా కొంత సాయం చేస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఈ సాయాన్ని ఏటా 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు 60 వేల రూపాయలకు, అంతకు మించి ఉన్నవాళ్లకు 30 వేలకు పెంచారు. 2023 అక్టోబరులో మొదలైన యుద్ధంతో రాకపోకలు బాగా పడిపోయాయి. యుద్ధం సంగతి అటుంచితే, ఈ ప్యాకేజీల్లో అసలు లోపం తొందర. పొద్దున్న కపెర్నహూము, మధ్యాహ్నం కానా, సాయంత్రానికి యొర్దాను. జెండా పట్టుకున్న గైడు వెనక పరుగు, ఫొటో, బస్సు. ఎగేరియా పద్ధతిలో ఒక్క చోటైనా కూర్చునే తీరిక ఉండదు. అయినా, అంత తొందరలోనూ కొన్ని చోట్లు మనిషిని ఆపేస్తాయి.

గలిలయ సముద్రం అలాంటిది. "సముద్రమంటే ఇంతేనా!" అన్నది చాలామంది తెలుగువాళ్ల మొదటి మాట. కాకినాడ, మచిలీపట్నం చూసిన కళ్లకు అది సముద్రంలా ఆనదు. 21 కిలోమీటర్ల పొడవు, 13 కిలోమీటర్ల వెడల్పు ఉన్న మంచినీటి సరస్సు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు కొండలు కనపడతాయి. ఈ చిన్న పరిమాణం మొదట నిరాశ కలిగిస్తుంది, తర్వాత మేలు చేస్తుంది. ఇది సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన, కొండల మధ్య గిన్నెలో ఉంది. పైనుంచి చల్లగాలి ఒక్కసారి దిగితే నిమిషాల్లో అలలు లేస్తాయి. సువార్తలోని తుపాను కథలో, పుట్టినప్పటి నుంచీ ఆ నీళ్ల మీదే బతికిన జాలర్లు భయపడ్డారంటే, వాళ్లకు తెలియని సముద్రం కాదు. తెలుసు కాబట్టే భయపడ్డారు.

1986లో కరువొచ్చి నీటిమట్టం పడిపోయినప్పుడు ఆ ఒడ్డు బురదలో ఇద్దరు అన్నదమ్ములకు ఒక పాత పడవ దొరికింది. యేసు కాలం నాటిదని పరీక్షల్లో తేలింది. ఇప్పుడు గినోసార్‌లో ప్రదర్శనశాలలో పెట్టారు. పొడవు ఎనిమిది మీటర్లు, వెడల్పు రెండు మీటర్ల పైచిలుకు. దగ్గరికెళ్లి చూస్తే పలకలన్నీ ఒక జాతి కలప కాదు. దాదాపు డజను రకాల చెట్ల ముక్కలు అతికి ఉన్నాయి. కొత్త కలప కొనే స్తోమత లేక, పాడైన పడవల ముక్కలు పీకి మళ్లీ మళ్లీ మరమ్మతు చేసుకున్న పేదవాడి పడవ అది. ఇది యేసు ఎక్కిన పడవ అని ఎవరూ రుజువు చేయలేరు, చేయక్కర్లేదు. పేతురు వలలు విడిచిపెట్టాడు అని చదివినప్పుడు ఏం విడిచిపెట్టాడో ఆ అతుకులు చూస్తే తెలుస్తుంది. కలిగినవాడు వదిలితే అది త్యాగం. ఆ పడవవాడు వదిలాడంటే ఇంట్లో పొయ్యి సంగతి కూడా ప్రభువుకే అప్పజెప్పాడన్నమాట.

ఇక్కడ యాత్రికుల్ని కలవరపెట్టే ప్రశ్న ఒకటుంది: ఇది నిజంగా ఆ చోటేనా? గైడు ప్రతిదాన్నీ ఖాయంగా చెబుతాడు. నిజానికి అన్నీ ఒక తరగతివి కావు. గలిలయ సరస్సు, ఒలీవల కొండ, యెరికో దారి ఎక్కడికీ పోలేదు. కపెర్నహూము, యాకోబు బావి విషయంలో సందేహానికి చోటు చాలా తక్కువ. బేత్లెహేము గుహ గురించి రెండో శతాబ్దంలోనే జస్టిన్ అనే రచయిత ప్రస్తావించాడు. ఇక సిలువ మోసిన దారి అని పట్నంలో చూపించే వీధులు మధ్యయుగాల యాత్రికుల భక్తిలో రూపుకట్టినవి. పిలాతు తీర్పు చెప్పింది పట్నానికి పడమర వైపున్న హేరోదు కోటలో అయ్యుంటుందని ఇవాళ ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. అలాగైతే దారే వేరు. గెత్సేమనే తోటలో బొద్దుగా మెలితిరిగిన ఒలీవ చెట్లను చూసి ఇవి ప్రభువు కన్నీళ్లు చూసిన చెట్లని జనం అంటారు. 2012లో ఇటలీ శాస్త్రవేత్తలు పరీక్షిస్తే, లెక్క తేలిన మూడింటి మానులు పన్నెండో శతాబ్దం చుట్టుపక్కలవని వచ్చింది. వేళ్లు ఇంకా పాతవి కావచ్చు, మానులు కావు.

సమాధి విషయంలో మన ప్రొటెస్టెంటు బృందాలు తోట సమాధి అనే చోటును ఇష్టపడతాయి. ప్రశాంతంగా ఉంటుంది, పూలమొక్కలుంటాయి, ప్రభువు బల్ల ఆచరించుకోనిస్తారు. కానీ దాన్ని యేసు సమాధి అనడం పంతొమ్మిదో శతాబ్దంలో ఊపందుకున్న మాట, ఆ రాతి సమాధి యేసు పుట్టడానికి కొన్ని శతాబ్దాల ముందు తొలిచిందని పురావస్తు పరిశోధకులంటారు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి కట్టించి 335లో ప్రతిష్ఠించిన పునరుత్థాన దేవాలయానికే ఆధారాలు ఎక్కువ. "అది ప్రాకారం లోపల ఉంది కదండీ, గొల్గొతా గవిని వెలుపల కదా" అని బైబిలు బాగా చదివినవాళ్లు అడుగుతారు. మంచి ప్రశ్నే. సిలువ కాలానికి ఆ చోటు గోడ బయటే ఉంది. పది పదిహేనేళ్ల తర్వాత హేరోదు అగ్రిప్ప పట్నాన్ని ఉత్తరంగా పెంచి కొత్త గోడ కట్టాడు, చోటు లోపలికి వచ్చింది. ఇప్పుడు మనం చూసే గోడ మాత్రం పదహారో శతాబ్దపు తురుష్క సుల్తాను సులేమాను కట్టించింది.

ఈ సంగతులు చెబితే విశ్వాసులు కదిలిపోతారేమోనని కొందరు నాయకులు దాచిపెడతారు. నాకు అది సరికాదనిపిస్తుంది. క్రైస్తవ విశ్వాసం ఒక సంఘటన మీద నిలబడింది. ఫలానా పిలాతు అధికారంలో జరిగిందని విశ్వాస ప్రమాణంలోనే చెప్పుకుంటాం. సంఘటన నిజమైతే దానికొక చోటు ఉండే తీరాలి. ఆ చోటు పది గజాలు ఇటో అటో అయినంత మాత్రాన సంఘటనకు వచ్చే లోటేమీ లేదు. మట్టికీ లెక్కకూ అందే చోట్ల దేవుడు నడిచాడన్న నమ్మకానికి, ఆ మట్టిని శాస్త్రవేత్తలు తవ్వి చూడటం అవమానం కాదు, గౌరవమే.

పునరుత్థాన దేవాలయంలో అడుగుపెట్టిన తెలుగు విశ్వాసికి తగిలే పెద్ద దెబ్బ వేరే. అక్కడ ప్రశాంతత ఉండదు. ధూపం, దీపాలు, తోపులాట, అర్థంకాని భాషల్లో పాటలు. గ్రీకు ఆర్థడాక్స్, రోమన్ క్యాథలిక్, అర్మేనియా, కోప్టిక్, సిరియా, ఇథియోపియా క్రైస్తవులు ఆరు వర్గాలుగా ఆ ఒక్క కప్పు కింద వంతులవారీగా ఆరాధిస్తారు. ఇథియోపియా సన్యాసులు కప్పు మీదే గదులు కట్టుకుని ఉంటున్నారు. ఎవరి మూల ఎవరిదన్న తగాదాలు ఎంత ముదిరాయంటే, ముందు గోడ కిటికీ కింద పెట్టిన ఒక చెక్క నిచ్చెనను పద్దెనిమిదో శతాబ్దం నుంచీ అక్కణ్ణుంచి తీయలేదు. తలుపు తాళం చెవి ఒక ముస్లిం కుటుంబం దగ్గర, తలుపు తీసే బాధ్యత ఇంకో ముస్లిం కుటుంబం దగ్గర ఉంటాయి. "ఇదేంటండీ, ఇది ఆరాధనా?" అని మనవాళ్లు మొహం చిట్లిస్తారు. ఆ చిరాకులోనే నేర్చుకోవాల్సింది చాలా ఉంది. మన ఊరి సంఘం, మన మిషన్, మన పాటల పుస్తకం వచ్చి రెండు వందల ఏళ్లు దాటి ఎంతో కాలేదు. ఈ అర్మేనియావాళ్లు నాలుగో శతాబ్దం నుంచీ ఇలాగే మొక్కుతున్నారు. ప్రభువు మన డినామినేషన్ కన్నా చాలా పాతవాడని తలకెక్కడానికి ఆ తోపులాట పనికొస్తుంది. ఆ నిచ్చెన చూసి నవ్వుకుంటూ, మన ఊళ్లో చీలిపోయి పక్కపక్క వీధుల్లో మైకులు పెట్టుకున్న రెండు సంఘాలు గుర్తొస్తే ఇంకా మంచిది.

ఇదంతా చదివి, పాస్‌పోర్టు లేనివాళ్లు నిరాశపడక్కర్లేదు. దారి, అలసట, తోటివాళ్లు, వాక్యం దొరికితే చాలనుకున్నాం కదా, అవి మన నేల మీద కూడా ఉన్నాయి. గుణదలలో 1924లో ఆర్లాటి అనే ఇటలీ గురువు కొండ మీద లూర్దుమాత ప్రతిమను ప్రతిష్ఠించారు. ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్ అనే పద్నాలుగేళ్ల బాలికకు 1858 ఫిబ్రవరి 11న మరియమాత కనిపించిందని క్యాథలిక్కుల విశ్వాసం. ఆ తేదీకి ముగిసేలా 9, 10, 11 తేదీల్లో తిరునాళ్లు జరుగుతాయి. లక్షల మంది వస్తారు. కొందరు తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు, కొండ మెట్లెక్కి సిలువ దగ్గర మోకరిస్తారు. వచ్చినవాళ్లలో హిందువులు కూడా తక్కువేం కాదు. ఇది క్రైస్తవమా, మన జాతరా అని పెదవి విరిచేవాళ్లున్నారు. నాకు మాత్రం గుంటూరు, కృష్ణా జిల్లాల పల్లెల నుంచి నడిచొచ్చి కొండ కింద రాత్రంతా చాప మీద పడుకున్న ఒక ముసలావిడ యాత్ర, యాత్రకీర్తనలు పాడుకున్నవాళ్ల యాత్రకే దగ్గరగా కనిపిస్తుంది. చెన్నై నుంచి కాషాయం కట్టి వేళాంగణికి రోజుల తరబడి నడిచేవాళ్లదీ అంతే. స్పెయిన్‌లో సాంటియాగో దేవాలయానికి నడిచేవాళ్లు ఇప్పుడు ఏటా నాలుగు లక్షలకు పైగా ఉన్నారు. కనీసం చివరి వంద కిలోమీటర్లు నడిస్తేగానీ అక్కడ యాత్రా పత్రం ఇవ్వరు. బస్సు దిగి ఫొటో తీసుకునేవాడికి దొరకనిదేదో నడకలో ఉందని ఆ దేవాలయంవాళ్లకు తెలుసు.

మెదక్ సంగతి ఇంకో రకం. ఛార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ 1914లో మొదలుపెట్టి, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన ఆ దేవాలయం కరువు కాలంలో లేచింది. ఊరికే దానం చేయకుండా పని ఇచ్చి కూలి ఇవ్వాలని కట్టించారు. అద్దాల కిటికీల్లో పుట్టుక, సిలువ, ఆరోహణం బొమ్మలు పగటి వెలుగులోనే కనపడతాయి, పొద్దు వాలాక వెళ్తే నల్లటి గాజు తప్ప ఏమీ ఉండదు. కిటికీలు చూసి మురిసిపోయే సందర్శకుల్లో ఎందరికి ఆ గోడల వెనక ఆకలి కథ తెలుసో. తెలిసి వెళ్తే ఆ గోడ రాళ్లు కూడా వాక్యం చెబుతాయి.

చిత్రమేమిటంటే, యాత్రలు అక్కర్లేదనే తెలుగు ప్రొటెస్టెంట్లే తమకు తెలియకుండా యాత్రలు చేస్తున్నారు. సువార్తికులు భక్తసింగ్ గారు హైదరాబాదులో 1950లో స్థాపించిన హెబ్రోనులో ఏటా జరిగే పరిశుద్ధ సమావేశాలకు ఊళ్లకు ఊళ్లు తరలివచ్చేవి. లేవీయకాండంలోని పండుగలే ఆయనకు ఆదర్శం. చాపల మీద పడక, నేల మీద బంతి భోజనాలు, పాడుతూ వీధుల్లో ఊరేగింపు. ఆఫీసరూ కూలీ ఒకే బంతిలో కూర్చుని తినడం, అదీ కులం ఇంకా గట్టిగా పట్టి ఉన్న రోజుల్లో, ఏ ప్రసంగమూ చెప్పలేని పాఠం. గుంటూరు దగ్గర జరిగే గుడారాల పండుగకు వెళ్లేవాళ్లదీ ఇదే వరస. ఇల్లు వదలడం, గుడారంలో ఉండటం, వాక్యం వినడం, మళ్లీ ఇంటికి రావడం. దీన్ని యాత్ర అనకపోతే ఇంకేమంటాం?

చెడిపోయే దారులు కూడా ఉన్నాయి, వాటిని దాటేయకూడదు. యొర్దాను నీళ్ల సీసా తెచ్చి జ్వరమొస్తే పిల్లల నుదుటికి రాసే ఇళ్లున్నాయి. ఆ నీళ్లలో బాప్తిస్మం తీసుకున్న ఫొటోను హాల్లో తగిలించి, సంఘంలో తనదొక మెట్టు పైనన్నట్టు నడిచేవాళ్లున్నారు. అసలు సంప్రదాయంగా యేసు బాప్తిస్మం పొందిన చోటు యెరికో దగ్గర, బృందాలు తరచూ దిగే యార్దెనిట్ రేవు మాత్రం గలిలయ సరస్సు దిగువన 1980లలో యాత్రికుల కోసం ఏర్పాటుచేసిన చోటు. మొక్కు కూడా కొన్నిసార్లు బేరం అవుతుంది: నువ్విది చెయ్, నేనది ఇస్తాను. లూథర్ కోపం ఇలాంటి వాటి మీదే. వెళ్లేముందు ఆ పదిహేను కీర్తనలూ, ఒక సువార్తా నెమ్మదిగా చదివి, వెళ్లిన చోట మళ్లీ అవే చదివినవాళ్లలో ఈ జబ్బు తక్కువ కనిపిస్తుంది. సరుకు కోసం వెతికే అవసరం వాళ్లకుండదు.

మన బృందాలు అసలు చూడకుండా వచ్చేసేది మాత్రం రాళ్లను కాదు, మనుషుల్ని. బేత్లెహేము, బేత్‌సాహూరు, నజరేతుల్లో అరబ్బీలో యేసును ఆరాధించే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. మనం కొనే ఒలీవ చెక్క సిలువలు చెక్కేది చాలావరకు వాళ్లే. యాత్రికులు ఆగిపోతే వాళ్ల పొయ్యి ఆగిపోతుంది. యుద్ధం వల్ల, గోడల వల్ల, పని లేక వలసపోతూ వాళ్ల సంఖ్య తరిగిపోతోంది. బేత్లెహేములో క్రిస్మస్ ఒకటి కాదు, మూడు: డిసెంబరు 25న క్యాథలిక్కులది, జనవరి 7న గ్రీకు ఆర్థడాక్స్‌ది, ఆ తర్వాత పది రోజులకు పైగా గడిచాక అర్మేనియావాళ్లది. అక్కడి జన్మస్థాన దేవాలయం వాకిలి ఎత్తు నాలుగు అడుగులే. గుర్రాల మీద, బళ్ల మీద లోపలికి రాకుండా పాతకాలంలో పెద్ద ద్వారాన్ని రాళ్లతో మూసి అంతవరకే వదిలారు. పాస్టరైనా, ఎమ్మెల్యే అయినా నడుం వంచాల్సిందే. ఆ వాకిలి ఫొటో అందరూ తీసుకుంటారు. లోపల పక్క భాగంలో ఆదివారం ఉదయం పాడుతున్న సంఘం దగ్గర ఐదు నిమిషాలు నిలబడేవాళ్లు తక్కువ.

కాబట్టి ఎవరైనా మళ్లీ యాత్రకు పేరు ఇచ్చేటప్పుడు హోటల్ గురించి, తెలుగు భోజనం గురించి అడిగినట్టే, ఆదివారం ఏ ఊళ్లో ఉంటాం, అక్కడి సంఘంతో కలిసి ఆరాధనకు తీసుకెళ్తారా అని కూడా నిర్వాహకుణ్ణి అడగండి. రోజుకు ఎన్ని చోట్లు చూపిస్తారో అడిగి, ఎనిమిదీ పదీ అంటే నాలుగుకు తగ్గించమనండి. కుదరదంటే ఇంకో బృందాన్ని చూసుకోండి.